సగం పాట వెంకటముని

బుల్‌బుల్ తార వాయించి రైలును ఆపిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆయనది మా పాకాల. పేరు వెంకటముని. ఆపింది ఆషామాషీ రైలు కాదు, కాట్పాడి వైపు నుంచి బొగ్గుపొగ కక్కుకుంటూ, కొండనైనా పక్కకు తప్పుకోమనేటట్టు వచ్చే గూడ్సు బండి. ఆయన తీగ మీటేసరికి ఇంజను నోరు మూసుకుంది, చక్రాలు తాళం వేశాయి, డ్రైవరు తలగుడ్డ తీసి దండం పెట్టాడు. ఈ మాట నేను తిరుపతి బస్టాండులో చెప్పాను. చిత్తూరు కోర్టు ఎదుట టీ అంగట్లో చెప్పాను. చంద్రగిరి కోట చూడవచ్చిన వాళ్ళకు, వాళ్ళు అడగకపోయినా చెప్పాను. నమ్మనివాడు ఇంతవరకు నాకు ఎదురుపడలేదు, ఒక్క వెంకటముని తప్ప.

ఆయన సంగతి మొదటినుంచీ చెబితేనే బాగుంటుంది. మా ఊరి బయట రోడ్డు పట్టాలను దాటే చోట ఒక గేటు ఉంది. గేటు పక్కన ఒక గది, గదిలో స్టేషను నుంచి వచ్చే ఫోను. ఆ ఫోను మోగితే గేటు మూయాలి. బండి వచ్చేటప్పుడు పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. బండి పోయాక గేటు తీయాలి. ఎమర్జెన్సీ ఎత్తేసే నాటికే వెంకటముని ఆ పనిలో ముదిరిపోయాడు. మనిషి మంచి పొడగరి. ఒకసారి లారీ గుద్ది గేటు విరిగితే, కొత్తది వచ్చేదాకా రోడ్డుకు అడ్డంగా ఆయన్నే పడుకోబెట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

ఆ మరుసటి శివరాత్రికి భార్య పంకజాక్షిని తీసుకుని శ్రీకాళహస్తి పోయాడు. దర్శనం అయింది. ఆవిడ గాజులు వేయించుకోవడానికి కూర్చుంది. ఈయన వీధి వెంట నడుస్తుంటే ఒక అంగడివాడు చిన్న చెక్కపెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో టైపు మిషను మీటల్లాంటివి నొక్కుతూ, కుడిచేతిలోని ప్లాస్టిక్కు ముక్కతో తీగలు గీరుతూ ఏడుకొండలవాడి మేలుకొలుపు వాయిస్తున్నాడు. వెంకటముని అక్కడే పాతుకుపోయాడు. పంకజాక్షి గాజుల చేతులు ఊపుకుంటూ వచ్చేసరికి పెట్టె ఆయన చంకలో ఉంది.

“ఏందయ్యా అది?” అని అడిగింది.

“బుల్‌బుల్ తార.”

“మనింట్లో అరిసేవాళ్ళు తక్కువైనారా?” అంది ఆవిడ.

ఇంట్లో వాయించిన మొదటి పూట ఎనుము పాలు ఎగబట్టింది. రెండో పూట తాడు తెంచుకుని పోయింది. అది దామలచెరువు మామిడితోటల్లో పేరు మార్చుకుని నెలరోజులు బతికిందని నేనంటాను. పక్కింటివాళ్ళు మాత్రం అది తమ గడ్డివామి దగ్గరే దొరికిందంటారు. ఏదైతేనేం, ఆ పెట్టె మళ్ళీ గడప దాటి లోపలికి రాకూడదని పంకజాక్షి తీర్పు చెప్పేసింది. బుల్‌బుల్ తార గేటు గదికి కాపురం వచ్చింది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. గేటు తెరిచి ఉన్నంతసేపు ఫోను ఎప్పుడు మోగుతుందోనని ఆయన చెవులు అటే ఉంటాయి, వేళ్ళు కదలవు. ఫోను మోగి గేటు మూసేశాక మనసు నిమ్మళమవుతుంది. ఇక బండి రావడమే తరువాయి. అప్పుడు గది ముందు స్టూలు వేసుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని మేలుకొలుపు ఎత్తుకునేవాడు. గేటుకు అటూ ఇటూ ఆగిన సైకిళ్ళవాళ్ళు, ఎద్దులబండ్లవాళ్ళు వినేవాళ్ళు. పల్లవి అయ్యేది, చరణంలో మొదటి మాట పడేది, మలుపులో ఇంజను కూసేది. వెంకటముని పెట్టె కింద పెట్టి లేచి, కుడిచేయి చాచి జెండా పట్టేవాడు. బండి పోయాక గేటు తీయాలి కదా. జనం వెళ్ళిపోయేవాళ్ళు. పాట అక్కడే పడి ఉండేది. తరువాతి బండికి మళ్ళీ పల్లవి నుంచి మొదలు, మళ్ళీ చరణం మొదట్లో కూత. ఏడాది తిరిగేసరికి ఆ సగం పాట ఆయన చేతికి ఎంత బాగా వచ్చిందంటే, రేడియోవాళ్ళు వింటే సిగ్గుపడి స్టేషను మూసుకునేవాళ్ళు. రెండో సగం మాత్రం ఎవరూ వినలేదు. ఆయన కూడా వినలేదు.

ఇది ఆయన్ను లోపల తొలిచేది. ఒక్క పాటైనా మొదలుపెట్టి కడదాకా వాయించాలి, అదీ ఒంటరిగా కాదు, నలుగురితో కలిసి. ఆయనకున్న కోరిక అంతే. రాజ్యాలు అడగలేదు. ఇలాంటి పెట్టె వాయించే వాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని వెతకడం మొదలుపెట్టాడు. చంద్రగిరిలో ఒక నాదస్వరం విద్వాంసుడి దగ్గరకు పోతే, ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, దీంట్లో పోపు దినుసులు పోసుకుంటారా అని అడిగాడు. పెళ్ళిళ్ళ బ్యాండు మేస్త్రీ ఈయన ఎత్తు చూసి ముచ్చటపడి, తీగల గోల ఎందుకు, పెద్ద డోలు మోయడానికి రమ్మన్నాడు. వెంకటముని రెండు చోట్లా దండం పెట్టి తిరిగొచ్చాడు.

ఒకరోజు గేటు మూసి ఉండగా టైలరు ఆదిమూలం సైకిలుకు స్టాండు వేసి గది దగ్గరకు నడిచొచ్చాడు. ఆయన ఇల్లు గేటుకు అవతల, అంగడి సంతవీధిలో. రోజూ ఈ గేటు దగ్గర ఆగవలసిందే.

“ఏమప్పా, నేను నీకేం ద్రోహం జేసినా?” అన్నాడు.

వెంకటముని బిత్తరపోయి, ఏం జరిగిందని అడిగాడు.

“రోజూ నీ సగం పాట నెత్తినేసుకొని అంగడికి పోతా ఉండా. తక్కింది యాడ పారేసినావోనని మద్దేనం దాకా మనసు కుట్టుమీద నిలవడంల్యా. నిన్న ఒకాయప్ప చొక్కాకు మూడు చేతులు కుట్టినా.”

మూడో చేయి సంగతి ఆదిమూలం మాట, నాది కాదు. నాకు గురువులు ఉన్నారని తెలియడానికే ఇది చెప్పాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పొద్దుగూకాక ఆదిమూలం అంగట్లో ముగ్గురు కూర్చుని బుల్‌బుల్ తారలు వాయిస్తారు. అదీ చాలా ఏళ్ళ నుంచి. ఊరంతా ఎరుగుదురు. వెంకటముని చంద్రగిరి దాకా వెతికాడు గాని సంతవీధిలో వెతకలేదు. ఒక్క చొక్కా కుట్టించుకుని ఉంటే తెలిసేది. ఆయనకు చొక్కాలు రైల్వేవాళ్ళే ఇస్తారు.

ఆ సాయంత్రమే పెట్టె తీసుకుని పోయాడు. అంగట్లో ఆదిమూలం కుట్టుమిషను మీద పెట్టె పెట్టుకుని, కింద తొక్కుడు పలక మీద కాలితో తాళం వేస్తున్నాడు. బట్టల మూట మీద కూర్చున్నది పార్సిలు ఆఫీసులో పనిచేసే ప్రేమానందం. ఆదివారం చర్చిలో కూడా ఇదే పెట్టె వాయించే నెమ్మదస్తుడు. మూడోవాడు హోటల్లో దోసెలు పోసే సుబ్రమణ్యం. ఆయన నోరు పెనంకంటే వేడి. ముగ్గురూ జరిగి కొత్త మనిషికి చోటిచ్చారు. మేలుకొలుపు ఎత్తుకున్నారు. పల్లవిలో వెంకటముని మీట్లు విని ఆదిమూలం తల ఊపాడు. ప్రేమానందం కళ్ళు మూసుకున్నాడు. చరణంలో మొదటి మాట పడింది.

వెంకటముని పెట్టె కింద పెట్టి లేచి నిలబడ్డాడు. కుడిచేయి చాచి, తలుపు వైపు తిరిగి, కదలకుండా ఉన్నాడు.

ముగ్గురూ వాయించడం ఆపి తలుపు వైపు చూశారు. సుబ్రమణ్యం వీధిలోకి తొంగి చూశాడు కూడా.

“ఏం బండిన్నా పోయింది? ప్యాసింజరా, గూడ్సా?” అన్నాడు.

“గార్డు చెయ్యి ఊపినాడా?” అన్నాడు ప్రేమానందం. ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు.

వెంకటముని చేయి దించుకుని కూర్చున్నాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ లేచాడు. రెండో సగం విడిగా వాయించమంటే రెండు మూడు వారాల్లో నేర్చుకుని తడుముకోకుండా వాయించేవాడు. మొదటి సగం వెంట రెండోది వస్తే మాత్రం ఒళ్ళు దానిపాటికది లేచేది. తిట్టి చూశారు, బతిమాలి చూశారు. ఒకరోజు ఆయన పల్లవిలో మునిగి ఉండగా ఆదిమూలం ఆయన చొక్కా అంచును కింద పరిచిన గోనెపట్టకు దారంతో కుట్టేశాడు. ఆయన గోనెపట్టతో సహా లేచాడు. ప్రేమానందం తలమీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. ప్రార్థన మధ్యలో స్టేషనులో ఏదో బండి కూసింది, ప్రేమానందం చేయి కూడా పైకి లేచిపోయింది. ఊళ్ళో ఆయనకు సగం పాట వెంకటముని అనే పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టింది ఎవరో నేను చెప్పను. బడి మానేసి ఊరు తిరిగేవాడికి ఏదో ఒక పని ఉండాలి కదా.

ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున వాళ్ళు వీధివీధీ తిరుగుతూ వాయిస్తారు. ఇన్నేళ్ళూ ఆ వేళకు వెంకటముని గేటు దగ్గరో గాఢనిద్రలోనో ఉండేవాడు. కొత్తగా చేరినవాడు ఆ నెల పెట్టె ముట్టకూడదు, దీపం మోయాలి. భోగి నాడు మాత్రం ఆఖరి మజిలీలో మేలుకొలుపును అతనే ఎత్తుకోవాలి, పొద్దు పొడవకముందే ముగించాలి. ముగిస్తే ఆదిమూలం కుట్టిన ఎర్రంచు తువ్వాలు భుజాన వేసి సంఘంలో కలుపుకుంటారు. మధ్యలో ఆగితే మళ్ళీ ఏడాది దాకా దీపమే. సుబ్రమణ్యం అంతటివాడే రెండేళ్ళు మోశాడు. దీపం మోయడానికి వెంకటమునికి ఏం బాధలేదు. కానీ ఆరోజు ఆగితే సగం పాట అనే పేరు పింఛను పుచ్చుకునేదాకా, ఆ తరువాత పాడె ఎక్కేదాకా వదలదని ఆయనకు తెలుసు.

నెలంతా దీపం మోశాడు. పొడగరి కాబట్టి ఆయన ఎత్తిన దీపం మేడల మీద పడేది, నడిచేవాళ్ళ కాళ్ళకు చీకటి. “దించన్నా, నచ్చత్రాలకు తోవ తెలుసులే” అనేవాడు సుబ్రమణ్యం. మధ్యలో క్రిస్మస్ వచ్చింది. సాయంత్రాలు ప్రేమానందం వాళ్ళ వీధిలో పాటలకు కూడా అదే దీపం, అదే మోతగాడు. దీపం ఎత్తిపట్టుకుని నడుస్తూనే ఎడమచేతి వేళ్ళతో గాలిలో మీటలు నొక్కుకునేవాడు.

ఆ ఏడు భోగినాటి ఆఖరి మజిలీ గేటు అవతల రైల్వే కాలనీ. వెంకటముని బండ్ల వేళలన్నీ మనసులో తిరగేసుకున్నాడు. ఆ వేళకు అటూ ఇటూ ఏ బండీ లేదు, కూత వినబడే భయం లేదు. సెలవు పెట్టి, గేటు చిన్నబ్బకు అప్పగించాడు. చిన్నబ్బ ఆయన కింద తయారైన గేటుమనిషే. ఆ ఉదయం పంకజాక్షి కూడా తలకు శాలువా చుట్టుకుని మేళం వెనక నడిచింది. ఎందుకొచ్చావని ఎవరో అడిగితే, ఎనుము పంపించింది, ఏమైందో చూసి రమ్మని, అంది.

ఊరు తిరిగి గేటు దగ్గరకు వచ్చారు. గేటు మూసి ఉంది.

అర్ధరాత్రి రావలసిన గూడ్సు ఎక్కడో నిలిచిపోయి ఇప్పుడు వస్తోంది. ఫోను వస్తే మూసినా, నేనేం జేసేది అన్నాడు చిన్నబ్బ. తూర్పున తెలుపు తిరుగుతోంది. బండి వచ్చి పోయి, గేటు తీసి, కాలనీకి చేరేసరికి పొద్దు పొడుస్తుంది. పక్కనుంచి మనుషులు దూరిపోయే చిన్న దారి కూడా లేని గేటు అది. సుబ్రమణ్యానికి ఎప్పుడూ వేళాకోళమే గాని ఆరోజు ఆయన మొహంలో కూడా కంగారు కనబడింది.

“నీ గేటే కదన్నా. బండి అవుపడ్లే గదా. ఒక్క గడియ తీయమని చెప్పు.”

“నా గేటయితే మాత్రం?” అన్నాడు వెంకటముని. “మూసినాక బండి పోవాల్సిందే.”

ఆయనకు కావలసింది ఆ గేటుకు అవతల ఉంది. అయినా గేటు తీయనివ్వలేదు. చిన్నబ్బ మాత్రం గురువు మొహం చూసి, ఎందుకైనా మంచిదని గేటు తాళంచెవి రొంటిన దోపుకున్నాడు.

ఆదిమూలం తూర్పు చూశాడు, గేటు చూశాడు. “అయితే ఇదే మజిలీ. ఈడే వాయించు” అన్నాడు.

వెంకటముని మొహం పాలిపోయింది. ఊళ్ళో ఎక్కడ వాయించమన్నా ఇంత భయపడడు. అదే గేటు, అదే పట్టాలు, రాబోయే అదే కూత. దీపం సుబ్రమణ్యానికి ఇచ్చి పెట్టె అందుకున్నాడు. ఆదిమూలం ఖాకీ గుడ్డముక్కలతో కుట్టిచ్చిన పట్టీని మెడకు తగిలించుకున్నాడు. వేళ్ళు మీటల మీద పెట్టాడు గాని నొక్కలేదు. అప్పుడు వెనకనుంచి పంకజాక్షి గొంతు వినబడింది.

“లేసేదానికి ఈడ స్టూలు గూడా ల్యా. నిలబడే ఉండావు గదా, వాయించు.”

మొదలుపెట్టాడు. దీపం పట్టుకున్న సుబ్రమణ్యం గొంతుతో, మిగతా ఇద్దరూ తీగలతో అందుకున్నారు. పల్లవి అయింది. కాలనీ వాళ్ళు అవతలి వైపు గేటు దగ్గరకు దుప్పట్లు కప్పుకుని వచ్చి నిలబడ్డారు. చరణంలో మొదటి మాట పడింది. మలుపులో ఇంజను కూసింది.

ఆయన కుడిచేయి తీగలమీద నుంచి లేచింది. నేను గేటు పక్క రాయి మీదే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. చేయి ముందుకు చాచుకుంది. ప్రేమానందం మీటడం ఆపేశాడు. ఆదిమూలం తల దించుకున్నాడు. వెంకటముని మాత్రం తన చేతి చివర చూసుకున్నాడు. అందులో జెండా లేదు, తీగలు గీరడానికి దువ్వెన విరిచి చేసుకున్న చిన్న ముక్క ఉంది. జెండా ఎక్కడుందో వెతికినట్టు అటు చూశాడు. అది గది ముందు చిన్నబ్బ చేతిలో, ఉండవలసినట్టే ఉంది. చిన్నబ్బ నిటారుగా నిలబడి దాన్ని పట్టుకుని ఉన్నాడు. అంటే బండిని చూసుకునే మనిషి ఉన్నాడు. ఈ చేతికి వేరే పని లేదు.

చేయి వెనక్కి వచ్చి తీగ మీద పడింది.

ఆపైన బండి వచ్చి పడింది. గూడ్సు బండి గేటు దాటుతుంటే పక్క మనిషి మాటే వినబడదు, ఇక చెక్కపెట్టె ఏం వినబడుతుంది. పాటలో ఎవరు ఎక్కడున్నారో తెలియక మిగతా ముగ్గురూ చేతులెత్తేశారు. పొగ కమ్మింది, దీపం ఆరిపోయింది. ఆ చప్పుడు పక్కనే ఇన్నేళ్ళు బతికిన చెవులు వెంకటమునివి. వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. పొగలో ఆయన తల ఊగడం మాత్రం కనబడుతోంది. అది ఏ పాట నడకో, అసలు పాటో కాదో మాకు తెలియదు. పంకజాక్షి శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆఖరి పెట్టె దాటింది. చప్పుడు మలుపు తిరిగి స్టేషను వైపు పోయింది. నిశ్శబ్దంలోంచి ఒక్క తీగ వినబడింది. ఆ గేటు దగ్గర ఎవరూ వినని రెండో సగం అది. సరిగ్గా ఉండవలసిన చోట, రెండో చరణం మధ్యలో, తొణక్కుండా నడుస్తోంది. ఆదిమూలం ఉలిక్కిపడి నేలమీద కాలు తొక్కడం మొదలుపెట్టాడు, కుట్టుమిషను అక్కడే ఉన్నట్టు. ప్రేమానందం కలిశాడు. ఆఖరి పల్లవికి గేటుకు ఇటువాళ్ళూ అటువాళ్ళూ గొంతు కలిపారు. ఆఖరి మీటు మీటాక తూర్పున పొద్దు తల ఎత్తింది. ముందు ఎత్తలేదు. సూర్యుడు కూడా పొగలో గేటు దగ్గర ఆగి పాట పూర్తయ్యాకే కదిలాడని నా లెక్క. లెక్కల్లో నేనెప్పుడూ తప్పేవాణ్ణే, ఈ ఒక్కటి మాత్రం తప్పలేదు.

ఎర్రంచు తువ్వాలు భుజాన వేసింది ఆదిమూలం కాదు, సుబ్రమణ్యం. వేసి, ఆరిపోయిన దీపం చూపించి, ఇంక దీన్నెవురు మోసేది అన్నాడు. జవాబు కోసం చూడకుండా తనే వెలిగించి భుజానికెత్తుకుని కాలనీలోకి ముందు నడిచాడు. చిన్నబ్బ గేటు తీశాడు. కాలనీలో మేలుకొలుపు మళ్ళీ వాయించారు, అదీ పూర్తిగా. తిరిగొస్తూ సంతవీధిలో ఇంకోసారి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. ఆ రోజు మా ఊళ్ళో జనం మధ్యాహ్నం దాకా మేలుకుంటూనే ఉన్నారు. పంకజాక్షి పెట్టెను తన చేత్తోనే గడప లోపలికి తీసుకుపోయింది. ఎనుము ఏమనుకుందో గాని ఆ పూట చెంబు నిండా పాలిచ్చింది. చెంబు కాదు, బిందె.

ఇప్పుడు ఆ గేటు దగ్గర ఆగడానికి జనం బండి వేళ చూసుకుని మరీ వస్తారు. ఆయన డ్యూటీలో ఉంటే పాట సగంలోనే ఆపి జెండా పట్టుకుంటాడు, అందులో మార్పు లేదు. బండి పోయాక గేటు తీస్తాడు. కానీ ఎవరూ కదలరు. స్టూలు మీద కూర్చుని మిగతా సగం పూర్తి చేస్తేనే సైకిలెక్కుతారు. కొత్తగా పెట్టె కొన్నవాళ్ళు చిత్తూరు నుంచి, చంద్రగిరి నుంచి వెతుక్కుంటూ వస్తే సంతవీధికి తోవ చెప్పేది ఆయనే.

మొన్న అక్కడే, తిరుపతి నుంచి వచ్చిన ఇద్దరికి రైలు ఆగిన వైనం చెబుతున్నాను. ఇంజను నోరు మూసుకోవడం అయింది, చక్రాలు తాళం వేయడం అయింది, డ్రైవరు తలగుడ్డ తీసే దగ్గరకు వచ్చాను. వెంకటముని తీగ బిగించుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు:

“రైలు ఆగలేదబ్బా. దానిపాటికది పోయింది. నేనూ ఆగలేదు, అంతే.”